పంపు మార్చేముందు తొట్టిలో ఏముందో చూడండి

బళ్లు బాగుచేసే షెడ్లలో పార్ట్స్ వాషర్ అనే సామాను ఒకటి ఉంటుంది. పైన అంచులున్న పళ్లెం, కింద డ్రమ్మో ట్యాంకో, అందులో మునిగి ఉండే చిన్న పంపు, ఆ పంపు నుంచి పైకి వచ్చి ఎటు వంచితే అటు వంగే గొట్టం. జిడ్డు పట్టిన గేరు చక్రాన్ని పళ్లెంలో పెట్టి, గొట్టం కింద బ్రష్షుతో రుద్దితే మడ్డి కరిగి కిందికి పోతుంది. ద్రవం మళ్లీ ట్యాంకులోకే దిగి, మళ్లీ పైకి వస్తుంది. ఇందులో కదిలే భాగం పంపు ఒక్కటే, కాబట్టి ముందుగా పాడయ్యేదీ అదే. పాడైన రోజున షెడ్డు యజమాని ఎవరినో బజారుకు పంపి, అలాంటిదే ఇంకో పంపు తెప్పించి బిగిస్తాడు. చూడటానికి ఇది అరగంట పని. కానీ ఆ అరగంట పనిలో ఒక పెద్ద నిర్ణయం ఉంది, దాన్ని మనం ఆలోచించకుండానే తీసేసుకుంటున్నాం. పంపు ఎంతకాలం నడుస్తుంది, దాని పక్కన నిలబడి పనిచేసే కుర్రాడి చేతులూ ఊపిరీ ఏమవుతాయి, షెడ్డు నిలుస్తుందా తగలబడుతుందా అన్నవి పంపు కంపెనీని బట్టి తేలేవి కావు, తొట్టిలో పోసిన ద్రవాన్ని బట్టి తేలేవి. అందుకే పంపు మార్చే రోజునే ద్రవం సంగతి కూడా తేల్చుకోవాలనీ, మన ఎండలకు పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు వదిలి గోరువెచ్చని సబ్బునీటికి మారడమే సరైన దారి అనీ ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

ముందు పంపు ఎందుకు ఆగిపోతుందో చూద్దాం. ఈ తొట్లలో వాడే చిన్న మునుగుడు పంపుల్లో చాలావాటికి మోటారు తీగచుట్టను ఎపాక్సీ జిగురులో పోతపోసి మూసేస్తారు. ద్రవాన్ని నెట్టే రెక్కల చక్రానికి, అంటే ఇంపెల్లరుకు, ఒక అయస్కాంతం ఉంటుంది. మూసిన చుట్టలో కరెంటు పారినప్పుడు గోడకు ఇవతల ఉన్న అయస్కాంతం తిరుగుతుంది. మోటారులోకి ద్రవం పోయే సందు లేకపోవడం దీని గొప్ప. అయితే ఆ ఇంపెల్లరు సన్నని ఇరుసు మీద, చిన్న బుష్షుల మధ్య, ఆ ద్రవంలోనే తిరుగుతుంది. ఆ ద్రవంలో ఇనుప రజను, బ్రేకు దుమ్ము, బొగ్గుపొడి, ఇసుక ఉంటాయి. అవి ట్యాంకు అడుగున పేరుకుంటాయి, పంపు కూడా అడుగునే కూర్చుంటుంది. ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుని సందులు మూసేస్తుంది. ఇంపెల్లరు బిగుసుకుపోయి, పంపు గుంయ్‌మని మోగుతుందే తప్ప ద్రవం పైకి రాదు. చచ్చిపోయిందనుకుని పారేసే పంపుల్లో కొన్ని నిజానికి ఇలా ఊపిరాడక ఆగినవే. ప్లగ్గు పీకి, ముందు మూత విప్పి, ఇంపెల్లరును బయటికి తీసి కడిగితే మళ్లీ తిరుగుతాయి. రెండో కారణం ద్రవం తగ్గిపోవడం. పంపును చల్లార్చేదీ, బుష్షులను తడిగా ఉంచేదీ ఆ ద్రవమే. మట్టం పంపు మూతి కిందికి దిగాక కూడా స్విచ్చి వేసి ఉంచితే ఇరుసు కాలి, పింగాణీ ఇరుసయితే పగిలిపోతుంది. కొత్త పంపు కొనేముందు ప్లగ్గులో కరెంటు ఉందో లేదో, గొట్టం ఎక్కడైనా మడత పడిందో, జల్లెడ పూడిందో చూడటం, టెస్టరుతో చుట్ట తెగిందేమో పరీక్షించడం మంచిది. ఇవన్నీ చూశాక కూడా పంపు పోయిందని తేలితే అప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది.

మన దగ్గర వేసవి అంటే కూలర్లు, కూలర్లంటే ప్రతి ఎలక్ట్రికల్ దుకాణంలోనూ దొరికే కూలరు పంపులు. చవక, చిన్నవి, 230 వోల్టుల మీద నేరుగా నడుస్తాయి. పార్ట్స్ వాషర్ పంపు పోగానే అందరి చూపూ దీని మీదికే పోతుంది. నీళ్లు ఎత్తే పంపు కిరసనాయిలు ఎత్తలేదా అని అడుగుతారు. ఎత్తుతుంది. ఇంకా తేలిగ్గానే ఎత్తుతుంది. కిరసనాయిలు నీటికన్నా దాదాపు ఐదో వంతు తేలిక కాబట్టి మోటారు మీద భారం తగ్గుతుందే కానీ పెరగదు. చిక్కు అక్కడ లేదు. మొదటి చిక్కు వేడి. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కేలోపు ఎంత వేడిని తీసుకుంటుందో, లీటరు కిరసనాయిలు అందులో సగం కూడా తీసుకోలేదు. నీటిలో చల్లగా ఉండే మోటారు కిరసనాయిల్లో అంతకన్నా వేడిగా నడుస్తుంది, జిగురు పోత మీదా తీగ మీది పూత మీదా ఆ వేడి పనిచేస్తుంది. రెండో చిక్కు రబ్బరు. మామూలు రబ్బరూ, నీటి సామాన్లలో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరూ పెట్రోలియం నూనెల్లో ఉబ్బి మెత్తబడతాయి. సీలు ఉబ్బితే ఇరుసును పట్టేస్తుంది, వైరు లోపలికి దిగే చోట ఉబ్బితే తర్వాత సందు విడుస్తుంది. నైట్రైల్ రబ్బరు, అంతకంటే వైటాన్ ఈ నూనెలను తట్టుకుంటాయి, కానీ కూలరు పంపు చేసేవాడికి వాటి అవసరం ఏముంది? పీవీసీ గొట్టం కథ ఇందుకు తలకిందులు. దాన్ని మెత్తగా ఉంచే పదార్థాన్ని కిరసనాయిలు లాగేస్తుంది, కొన్నాళ్లకు గొట్టం గట్టిపడి చిట్లుతుంది. వైరు మీది తొడుగు కూడా పీవీసీయే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. మునిగి ఉన్న వైరు తొడుగు పెళుసెక్కితే పగులు ఎక్కడ పడుతుందో పైకి కనిపించదు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద చిక్కుకు వస్తాను. ప్రతి మండే నూనెకూ ఫ్లాష్ పాయింట్ అని ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. ఆ వేడి దగ్గర నూనె మీద తేలే ఆవిరికి ఒక నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. రవ్వ లేకపోతే తనంతట తాను మండదు, అది వేరే సంగతి. పెట్రోలుకు ఈ ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 40 డిగ్రీలు కింద ఉంటుంది, అంటే పెట్రోలు మన దేశంలో ఏ రుతువులోనైనా, ఏ వేళలోనైనా అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. కిరసనాయిలుకూ డీజిలుకూ మన ప్రమాణాలు అడిగేది కనీసం 35 డిగ్రీలు. అమ్మే సరుకు అంతకన్నా కొంత మెరుగ్గా ఉండవచ్చు, కానీ హామీ మాత్రం 35 దగ్గరే. ఈ రెండింటినీ పెట్రోలుకన్నా భద్రమని వాడటం చలిదేశాల్లో చెల్లే వాదన. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం నీడలోనే 44, 45 డిగ్రీలుంటుంది. రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువ. అంటే ఆ మధ్యాహ్నం తొట్టిలో కిరసనాయిలు తన ఫ్లాష్ పాయింట్ దాటి కూర్చుని ఉండవచ్చు. దాని మీద తేలే ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, నేలమీద పాకుతూ గుంటల్లో దిగుతుంది. అదే షెడ్డులో ఒక మూల వెల్డింగు, మరో మూల గ్రైండరు, ఇంకో చోట బ్యాటరీ టెర్మినల్ విప్పేటప్పుడు రవ్వలు. ఆ నూనెలో 230 వోల్టుల నీటి పంపును ముంచి, పగిలిన తొడుగున్న వైరుతో స్విచ్చి వేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. పంపు నూనెలో పూర్తిగా మునిగి ఉన్నంతసేపు గాలి అందదు కనుక అక్కడ మంట పుట్టదు, నిజమే. కానీ మట్టం తగ్గి పంపు సగం తేలిన క్షణంలో ఆ రక్షణ పోతుంది. ఆ క్షణం వచ్చిందని ఎవరికీ తెలియదు.

దీనికి షెడ్లలో వినిపించే జవాబు ఒకటుంది. ముప్పై ఏళ్లుగా పెట్రోలుతో కడుగుతున్నాం, ఏమీ కాలేదు అంటారు. అనుభవాన్ని నేను తీసిపారేయను. కానీ ఆ ముప్పై ఏళ్లలో చాలాకాలం కడిగింది పళ్లెంలో గిద్దెడు నూనె పోసుకుని, బ్రష్షుతో, అవసరమైనప్పుడు మాత్రమే. పంపు పెట్టిన తొట్టిలో 40, 50, 80 లీటర్లు నిలవ ఉంటాయి. అవి గొట్టంలో పారుతూ, పళ్లెం మీద చిమ్ముతూ, గాలి తగిలే వైశాల్యాన్ని ఎన్నో రెట్లు పెంచుకుంటాయి. అంటుకుంటే ఆపగలిగిన చిన్న మంటకూ ఆపలేని మంటకూ మధ్య తేడా ఇక్కడే వస్తుంది. పైగా నూనె ప్లాస్టిక్ గొట్టంలో వేగంగా పారితే స్థిర విద్యుత్తు పుడుతుంది, అది ఎక్కడో ఒక చోట చిన్న రవ్వగా దూకుతుంది. కంప్రెసర్ గాలితో డీజిలును తుంపరగా కొట్టి కడిగే అలవాటు కూడా ఉంది. తుంపరగా మారిన నూనె ఫ్లాష్ పాయింట్ కన్నా చల్లగా ఉన్నా మండగలదు. విదేశాల్లో తయారయ్యే పార్ట్స్ వాషర్లలో చాలావాటికి మూతను తెరిచి పట్టుకునే చోట కరిగే లోహపు లింకు ఒకటి పెడతారు. దాదాపు 74 డిగ్రీల దగ్గర అది కరిగి, మూత తానే పడిపోయి, లోపలి మంటకు గాలి అందకుండా చేస్తుంది. ఆ లింకు విరిగితే దాని చోట ఇనుప తీగ చుట్టకూడదు. ఎప్పుడూ నిప్పు అంటుకోని తొట్టికి అది అనవసరమని అనిపిస్తుంది. పెట్టినవాళ్లు మాత్రం అంటుకునే రోజును తలుచుకునే పెట్టారు. మన 1934 నాటి పెట్రోలియం చట్టం కూడా ఫ్లాష్ పాయింట్‌ను చూసే నూనెలను తరగతులుగా విడదీసింది. 23 డిగ్రీలకు తక్కువైనవి ఏ తరగతి, 23 నుంచి 65 లోపువి బీ తరగతి. షెడ్లలో కడగడానికి వాడే నూనెలన్నీ దాదాపు ఈ రెంటిలోనే ఉన్నాయి.

మంట ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద. ఆరోగ్యం మీద దెబ్బ రోజూ పడేది. పెట్రోలియం ద్రవాలు చర్మంలోని సహజమైన జిడ్డును కడిగేస్తాయి. చేతులు పొడిబారి, పగిలి, గజ్జిలా మారతాయి, ఆ పగుళ్లలోంచి మిగతావి లోపలికి దిగుతాయి. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. బీఎస్-6 ప్రమాణం దాన్ని నూటికి 1 పాలు దాటనివ్వదు, కానీ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థంగా రుజువైనదాన్ని రోజూ చేతులకు పూసుకోవడానికి 1 పాలు తక్కువేమీ కాదు. పెట్రోలులోనే హెక్సేన్ అని ఇంకొకటి ఉంటుంది. కాలిఫోర్నియాలో 1999, 2000 సంవత్సరాల్లో కార్ల మెకానిక్కులు కొందరికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, పట్టు తప్పి, నరాలు దెబ్బతిన్నాయి. కారణం వాళ్లు రోజూ వాడిన బ్రేక్ క్లీనర్ స్ప్రేలోని హెక్సేన్ అని తేలింది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ 2001లో ఆ సంగతి ప్రచురించింది. వాళ్లు వైద్యుడి దగ్గరికి వెళ్లగలిగారు కాబట్టి ఆ సంగతి బయటపడింది. మన షెడ్లలో పదహారు, పదిహేడేళ్లకు పనిలో చేరిన కుర్రాడికి తిమ్మిరొస్తే నీరసమనుకుంటారు. సామాన్లు కడిగే పని ఎప్పుడూ అందరికన్నా చిన్నవాడికే పడుతుంది. ఈ మాట చెప్పడానికే ఈ ప్రసంగం చేస్తున్నానన్నా తప్పులేదు.

మరి నీటితో జిడ్డు పోతుందా? ఇది న్యాయమైన ప్రశ్న. చన్నీళ్లతో పోదు. వేడి, క్షారం, జిడ్డును పట్టి విడదీసే సబ్బుగుణం, గొట్టం తోపు, బ్రష్షు రాపిడి, ఇవన్నీ కలిస్తే పోతుంది. 40 నుంచి 60 డిగ్రీల మధ్య గ్రీజు మెత్తబడుతుంది, మడ్డి లోహాన్ని విడుస్తుంది. లాస్ ఏంజిలిస్ పరిసరాల్లో వాయు కాలుష్యాన్ని అదుపుచేసే సంస్థ 1990ల చివర పార్ట్స్ వాషర్లలో ఆవిరయ్యే ద్రావకాలకు గట్టి పరిమితి పెట్టింది. పనులు ఆగిపోతాయన్న భయం అక్కడా వినిపించింది. వేల గ్యారేజీలు నీటి తొట్లకు మారాయి, బళ్లు బాగుపడటం ఆగలేదు. కొన్ని తొట్లలో నూనెను తినే సూక్ష్మజీవులను కూడా వేస్తారు. అవి 40 డిగ్రీల చుట్టుపక్కల చురుగ్గా ఉండి జిడ్డును విరగ్గొడుతుంటాయి, అందువల్ల ద్రవం ఎక్కువకాలం పనికొస్తుంది. అలాంటి తొట్టిలో బ్లీచింగు వేస్తే ఆ జీవులు చచ్చిపోతాయి. ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి. పెట్రోలుతో రెండు నిమిషాల్లో అయ్యే పని సబ్బునీటితో ఐదారు నిమిషాలు పట్టవచ్చు. ముందు గీకుడుబిళ్లతో మందపు మడ్డి తీసేసి, సామాన్లను కాసేపు నానబెట్టి, ఈలోపు ఇంకో పని చూసుకునే పద్ధతి అలవాటైతే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

రెండో అభ్యంతరం తుప్పు. ఇనుప సామాను నీటిలో కడిగితే తుప్పు పడుతుందన్నది నిజం. అందుకే ఈ పనికి ప్రత్యేకంగా చేసిన క్లీనర్లలో తుప్పును ఆపే మందు కలుపుతారు. వేడినీటిలోంచి తీసిన ఇనుము తన వేడికి తానే త్వరగా ఆరుతుంది కూడా. కంప్రెసర్ గాలితో మూలల్లో నీరు ఊదేసి, కళ్లకు అద్దాలు పెట్టుకుని మరీ ఊదేసి, పలచగా నూనె రాస్తే తుప్పు రాదు. బేరింగులను మాత్రం నీటిలో కడిగి అలాగే వదిలేయకూడదు. అవి వెంటనే ఆరాలి, వెంటనే గ్రీజు పడాలి. గాలి కొట్టేటప్పుడు బేరింగును గిర్రున తిప్పడం సరదాగా ఉంటుంది, కానీ గుళ్లు చిట్లి ముఖం మీదికి ఎగిరే ప్రమాదం ఉంది. తుప్పుకన్నా నాకు ఎక్కువ భయం అల్యూమినియం గురించి. చవగ్గా వస్తుందని కాస్టిక్ సోడా వేసుకుంటే కార్బ్యురేటర్లు, పిస్టన్లు, క్రాంకు కేసులు నల్లబడి కొరికేసినట్టవుతాయి, పైగా ఆ చర్యలో మండే హైడ్రోజన్ పుడుతుంది. డబ్బా మీద అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉన్న క్లీనరే కొనాలి. బట్టల సబ్బుపొడి వేస్తే సరిపోదా అంటే, అది నురుగు కోసం చేసిన సరుకు. నురుగు పంపులోకి పోతే ఇంపెల్లరు గాలినే చిలుకుతూ ఉంటుంది, ధార పడిపోతుంది, పంపు వేడెక్కుతుంది. నురుగు రాని క్లీనరు అడిగి తెచ్చుకోవాలి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల బోరునీళ్లలో సున్నం ఎక్కువ, అది సబ్బుగుణాన్ని తినేసి హీటరు కడ్డీ మీద పెచ్చులు కడుతుంది. వీలైనచోట పట్టి ఉంచిన వాననీరు ఈ పనికి శ్రేష్ఠం.

ద్రవం ఏదో తేలాక పంపు ఎంపిక సులువవుతుంది. నీటికి చేసిన పంపు నీటిలోనే ఉంటుంది, రబ్బరు చిక్కు పోతుంది, మంట చిక్కు పోతుంది. అయినా పంపుకు అంటించిన రేకు మీద రాసినవి చదవాలి. మొదటిది ద్రవం ఉష్ణోగ్రత. చిన్న పంపుల్లో చాలావాటికి 35 లేదా 40 డిగ్రీలే హద్దు. 55 డిగ్రీల తొట్టిలో అది పెడితే పోయేది పంపే, తప్పు పంపుది కాదు. హద్దు 40 అయితే నీటిని అంతకు దిగువనే ఉంచాలి, లేదా వేడినీటికి తగిన పంపు కొనాలి. రెండోది ఎత్తు. పెట్టె మీద గంటకు 1000 లీటర్లు అని పెద్ద అక్షరాలతో, ఎత్తు మీటరున్నర అని చిన్న అక్షరాలతో ఉంటుంది. వెయ్యి లీటర్లు ఏ ఎత్తూ ఎక్కనక్కర్లేనప్పుడు వచ్చేవి, మీటరున్నర ఒక్క చుక్క కూడా బయటికి రాని ఎత్తు. మన తొట్టిలో అడుగు నుంచి గొట్టం మూతికి దాదాపు మీటరు ఎక్కాలి. అక్కడికి చేరేసరికి ధార మూడో వంతుకు పడిపోవచ్చు, సన్నని గొట్టం ఇంకొంత తినేస్తుంది. కడగడానికి నిమిషానికి ఐదారు లీటర్లు హాయిగా సరిపోతాయి. బిగించాక పది లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూస్తే, రెండు నిమిషాల్లో నిండిందంటే ధార బాగున్నట్టే. అంతకన్నా పెద్ద పంపు పెడితే నీరు మొహం మీదికి చిమ్మడమే తప్ప పని త్వరగా సాగదు.

బిగించడంలో ఒక్క సంగతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. పంపును అడుగున కూర్చోబెట్టకండి. నాలుగైదు అంగుళాల ఎత్తున చిల్లుల రేకుతో ఒక అరుగు చేసి, దాని మీద పెట్టి, మూతికి కడగడానికి వీలైన జల్లెడ తొడగండి. పళ్లెం నుంచి దిగే నీరు పంపుకు దూరంగా, అవతలి మూల పడేలా చూడండి. మడ్డి దిగడానికి వ్యవధి దొరుకుతుంది, పంపుకు తేటనీరు అందుతుంది. పాత పంపు ఏడాదిలో పోయిన తొట్టిలో ఇవేవీ మార్చకుండా కొత్తది దించితే అదీ ఏడాదికే పోతుంది, కంపెనీ మార్చినా అంతే. ఇక కరెంటు. నీటిలో చేయి, అదే నీటిలో 230 వోల్టుల పంపు. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, నమ్మదగిన ఎర్తింగు, తొట్టి ఇనుప ఒంటికి కూడా ఎర్త్ తీగ, బోర్డులో కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఫ్యూజు మనిషిని కాపాడదు, అది తీగను కాపాడటానికి పెట్టింది. ఆర్‌సీసీబీ ఖర్చు పంపు ధరకన్నా ఎక్కువైనా వెనకాడవద్దు. వైరుకు నీటిలో అతుకు ఉండకూడదు. వైరు ప్లగ్గు దగ్గరికి చేరేముందు ఒక వంపుగా కిందికి వేలాడి మళ్లీ పైకి పోతే, వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

నీటితో అస్సలు కుదరని పనులు కొన్ని ఉంటాయి. తడి తగలకూడని భాగాలకు, కొన్ని రకాల ఇంధన పంపు, ఇంజెక్టరు పనులకు పెట్రోలియం ద్రావకమే వాడాలనే మేస్త్రీలు ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. వాళ్లకు నేను చెప్పేది పంపు మానమని కాదు, కరెంటు పంపు మానమని. ప్రతి షెడ్డులో కంప్రెసర్ ఉంటుంది. గాలితో నడిచే డయాఫ్రం పంపు ఒకటి కొంటే తొట్టి దగ్గరికి వైరే రాదు. నైట్రైల్ లేదా వైటాన్ డయాఫ్రం అడగాలి, పంపుకూ తొట్టికీ గొట్టం మూతికీ తీగ కలిపి ఎర్త్ చేయాలి, నూనెలు తట్టుకునే గొట్టం వేయాలి. ద్రావకం కూడా పెట్రోలు కాకుండా, ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలు దాటిందని డబ్బా మీద రాసి ఉన్నది కొనాలి. ఆ పంపు ధర కూలరు పంపుకు ఎన్నో రెట్లు. ఈ పని రోజూ ఉండే షెడ్డుకు అది అన్యాయమైన ఖర్చు కాదు. ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే షెడ్డుకు పంపే అక్కర్లేదు, మూత ఉన్న చిన్న డబ్బాలో, చేతికి నైట్రైల్ తొడుగులతో, ఆరుబయట కడుక్కోవచ్చు.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి. నీటి తొట్టికి హీటరు కరెంటు అవుతుంది, క్లీనరు కొనాలి. కానీ పెట్రోలు, కిరసనాయిలు తొట్టిలోంచి రాత్రింబగళ్లు ఆవిరై పోతూనే ఉంటాయి, మళ్లీ మళ్లీ పోస్తూనే ఉండాలి. నీరు ఆవిరైతే నీరే పోస్తాం. పైన తేలిన నూనెను ప్రతి వారం తీసేస్తుంటే ఒకే ద్రవం నెలల తరబడి పనికొస్తుంది. రేషను కోసం నీలం రంగు కలిపిన కిరసనాయిలును షెడ్లకు మళ్లించడం నేరమన్నది అందరికీ తెలిసినదే, కాబట్టి ఆ ధరను లెక్కలోకి తీసుకోవడానికి లేదు. నీళ్లకు కరువున్న ఊళ్లలో నీటి తొట్టి ఎలా అని అడుగుతారు. ఈ తొట్టి తిప్పిన నీటినే తిప్పుతుంది. ఒక బండిని గొట్టంతో కడిగే నీటితో దీన్ని కొన్ని నెలలు నడపవచ్చు.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. నీటిలో కడిగితే ఆ మురికినీరు కాలువలో కలిసి ఊరికి కీడు కాదా? అవుతుంది, వదిలేస్తే తప్పకుండా అవుతుంది. ఆ నీటిలో నూనె ఉంటుంది, బేరింగుల్లోంచి, పాత పెయింట్లలోంచి, బ్యాటరీ టెర్మినళ్లలోంచి వచ్చిన లోహాలుంటాయి. సబ్బుగుణం వల్ల నూనె నీటిలో కలిసిపోయి పాలలా మారి, మామూలు గుంటలో విడిపోకుండా దూరం పోతుంది. అందువల్ల నీటి తొట్టి అంటే కాలువలో పోసుకోవచ్చనే అర్థం తీసుకోకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన నూనెను అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. అడుగు మడ్డిని, పైన తేరిన నూనెను వేర్వేరు డబ్బాల్లో మూతపెట్టి దాచి వాళ్లకే అప్పగించాలి. ఒక్క షెడ్డుకు ఇది భారమే. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట వందల షెడ్లు పక్కపక్కనే ఉన్నాయి, పాత ఇంజను ఆయిలు కొనేవాళ్లు ఎలాగూ అక్కడికి వస్తూనే ఉంటారు. యజమానుల సంఘాలు పూనుకుని, ప్రతి వీధికీ ఒక మడ్డి డ్రమ్ము, ఒక తేరు నూనె డ్రమ్ము పెట్టి, నెలకోసారి అనుమతి ఉన్న సంస్థ బండిని పిలిపిస్తే ఖర్చు షెడ్డుకు కొద్దికొద్దిగా పంచుకుపోతుంది. ఐటీఐల్లో మోటారు మెకానిక్ చదివే పిల్లలకు ఇంజను విప్పడం నేర్పే వారంలోనే ఈ తొట్టి కడగడం, మడ్డి వేరుచేయడం, పంపు రేకు చదవడం నేర్పవచ్చు. అందుకు కొత్త పాఠ్యపుస్తకమేమీ అక్కర్లేదు, వర్క్‌షాపులో నీటితో నడిచే తొట్టి ఒకటి ఉంటే చాలు.